గోడ మీది చదువు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు యూనివర్సిటీ కంటే ముందే విద్యార్థి సంఘం వచ్చింది. కొందరిని ఢిల్లీకి పంపింది, కొందరిని అడవికి పంపింది. ఎక్కువ మందిని మాత్రం దరఖాస్తు రాయడం నేర్పి ఇంటికి పంపింది.

మైదాపిండిని చల్లనీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి, సన్నటి మంట మీద గరిటె ఆపకుండా తిప్పితే పది నిమిషాల్లో లయి తయారవుతుంది. దించే ముందు చిటికెడు మైలుతుత్తం వేయాలి. లేకపోతే తెల్లారేసరికి పోస్టర్లు మేకల కడుపులోకి పోతాయి. ఈ విద్య నాకు ఏ సారూ నేర్పలేదు. అయినా డిగ్రీలో నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ పక్కాగా గుర్తున్నది ఇదొక్కటే.

మొదటి సంవత్సరంలో ఒక రాత్రి నలుగురం రెండు సైకిళ్ల మీద కరీంనగర్ టవర్ సర్కిల్ నుంచి బయల్దేరాం. ఒకడి హ్యాండిల్‌కు లయి బకెట్, ఇంకొకడి చంకలో పోస్టర్ల చుట్ట. సీనియర్ అన్న గోడకు లయి పూస్తాడు, నేను కాగితం అంటించాలి. పోలీసు జీపు లైటు ఎటునుంచి పడుతుందోనని నా కళ్లన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. పొద్దున లేచి చూస్తే మంచిర్యాల చౌరస్తా దాకా నేనంటించినవన్నీ తలకిందులు. తిట్లు తప్పవనుకున్నాను. అన్న గోడ ముందు నిలబడి కాసేపు చూసి, "తమ్మీ, జనం మెడలు వంచి మరీ చదువుతున్నరు. సక్కగ పెడితే ఎవడు సూస్తుండె?" అన్నాడు.

అది ఏ సంఘమో చెప్పను. చెబితే పాఠకుల్లో సగం మంది ఇక్కడే పేజీ తిప్పేస్తారు, మిగతా సగం ప్రతి వాక్యంలో రంగు వెతుకుతారు. ఏ సంఘంలోనైనా లయి వండే పద్ధతి ఒకటే.

విజ్ఞప్తి, డిమాండ్

సంఘం ఆఫీసంటే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు చాపలు, ఒక గొళ్లెం లేని బీరువా, గోడకు నాయకుల ఫొటోలు, మూలకు జెండా కర్రలు. ఊరి నుంచి వచ్చి వెల్ఫేర్ హాస్టల్లో ఉండే పిల్లవాడికి పట్నంలో చెప్పులు విప్పి కూర్చోగలిగే చోటు అదొక్కటే. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కింది వాడే. క్లాసులో లేచి మాట్లాడమంటే మోకాళ్లు వణుకుతాయి. అలాంటివాణ్ని సంఘం మూడో వారంలోనే ఇంకో క్లాసు ముందుకు తోసేది. "సార్, రెండు నిమిషాలు" అని లెక్చరర్‌ని అడగాలి. అరవై మంది ముఖాలు చూస్తూ రేపటి బంద్ ఎందుకో చెప్పాలి. మొదటిసారి రెండు నిమిషాలు రెండు గంటల్లా ఉంటాయి. పదోసారికి లెక్చరరే గడియారం చూపించి దించాల్సి వస్తుంది.

తర్వాతి పాఠం రాత. కలెక్టర్‌కిచ్చే వినతిపత్రం వేరు, జనానికి పంచే కరపత్రం వేరు అని మా అన్న మొదటి రోజే విడదీసి చెప్పాడు. వినతిపత్రంలో 'విజ్ఞప్తి చేస్తున్నాము' అనాలి, కరపత్రంలో 'డిమాండ్ చేస్తున్నాము' అనాలి. ఒకదాని మాట ఇంకోదాంట్లో పడితే ఆఫీసరు కాగితం పక్కన పెడతాడు, లేదంటే జనం నవ్వుతారు. నా మొదటి కరపత్రాన్ని ఆయన మూడుసార్లు కొట్టేశాడు. నాలుగోసారి, "మీ అమ్మకు చదివి వినిపించు. ఆమెకు తెలిసినంత మటుకే ఉంచు" అన్నాడు. ఉంచితే పేజీలో ఎనిమిది లైన్లు మిగిలాయి. పత్రికా రచన గురించి అంతకు మించిన సలహా ఈ ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఏ ఎడిటరూ ఇవ్వలేదు.

ఇక రసీదు బుక్కు. షాపు షాపుకూ తిరిగి ఐదూ పదీ చందా అడగాలి. ఇవ్వనివాడి దగ్గర నుంచి నవ్వుతూ బయటికి రావాలి. మహాసభ అయ్యాక ప్రతి రూపాయికీ జమాఖర్చు చదివి వినిపించాలి. మా బ్యాచ్‌లో ఒకడు పన్నెండు రూపాయలకు లెక్క చెప్పలేక, సభలో అందరి ముందూ ఏడ్చాడు. వాడిప్పుడు ఒక బ్యాంకులో ఆడిట్ విభాగంలో ఉన్నాడు.

ఎస్సారార్ మెట్లు

కరీంనగర్‌లో శ్రీరాజరాజేశ్వర కాలేజీ, జనం నోట్లో ఎస్సారార్, 1956లో మొదలైంది. తొలినాళ్లలో విశ్వనాథ సత్యనారాయణ అక్కడ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అంతటి సంప్రదాయవాది కూర్చుని వెళ్లిన కాలేజీ మెట్ల మీదే తర్వాత రకరకాల జెండాలు ఎగరడం ఈ ఊరి తమాషా. శాతవాహన యూనివర్సిటీ వచ్చేసరికి 2008 అయింది. మధ్యలో గడిచిన యాభై రెండేళ్లలో, డిగ్రీ తర్వాత ఓరుగల్లుకో హైదరాబాద్‌కో పోలేని పిల్లలకు దేశం గురించీ ప్రపంచం గురించీ వాదించుకునే చోటు సంఘమే అయింది. ఈ జిల్లాల మీద విద్యార్థి సంఘాల ముద్ర ఇంత లోతుగా పడటానికి ఆవేశం కంటే ఈ ఖాళీయే పెద్ద కారణమని నా లెక్క.

అంతకుముందు సంగతులూ ఉన్నాయి. 1938లో నిజాం రాజ్యంలో వందేమాతరం పాడినందుకు వందల మంది విద్యార్థులు కాలేజీలకు దూరమయ్యారు. వారిలో అప్పటి కరీంనగర్ జిల్లా వంగర కుర్రాడు ఒకడు. నాగపూర్, పుణేల బాట పట్టి చదువు పూర్తి చేసి, 1991లో ప్రధాని అయ్యాడు. పీవీకి అన్ని భాషలెలా వచ్చాయని ఆశ్చర్యపోయేవాళ్లు, ఊళ్లో కాలేజీ గేటు మూసేస్తే పిల్లవాడు ఎన్ని ఊళ్లు తిరుగుతాడో కూడా లెక్కేసుకోవాలి.

సిరిసిల్ల వైపు కోనరావుపేట మండలం నాగారంలోని చెన్నమనేని వారి ఇల్లు ఇంకో విచిత్రం. అన్న రాజేశ్వరరావు కమ్యూనిస్టు, సిరిసిల్ల నుంచి పలుమార్లు ఎమ్మెల్యే. ఇంకో అన్న హనుమంతరావు కుర్రతనంలో అదే ఉద్యమ గాలి పీల్చి, తర్వాత ఆర్థికవేత్తగా 1982 నుంచి 86 దాకా ప్రణాళికా సంఘం సభ్యుడిగా ఉన్నారు. తమ్ముడు విద్యాసాగర్‌రావు ఏబీవీపీ దారిలో బీజేపీకి వెళ్లి, కేంద్ర హోం శాఖ సహాయ మంత్రి అయ్యారు, మహారాష్ట్ర గవర్నర్‌గా చేశారు. సంఘం పిల్లల్ని అచ్చులో పోసి తీస్తుందని భయపడే తల్లిదండ్రులు ఒకసారి ఈ ఇంటిని చూడాలి. ఒకే గడప, ఒకే వంటిల్లు, మూడు దారులు.

ఊరికి పోవడమంటే ఇంటికి పోవడమే

1972 ఏప్రిల్ 14న ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య తర్వాత రాష్ట్రంలో విద్యార్థి రాజకీయాలు వేడెక్కాయి. 1974 అక్టోబర్ 12న రాడికల్ విద్యార్థి సంఘం పుట్టింది. 1975 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మొదటి మహాసభ జరుపుకుంది, నాలుగు నెలలకే ఎమర్జెన్సీ మీద పడింది. అది ఎత్తేశాక సంఘం ఇచ్చిన పిలుపు 'గ్రామాలకు తరలండి'. వేసవి సెలవుల్లో విద్యార్థులు జట్లు జట్లుగా, డప్పులు భుజాన వేసుకుని ఊళ్లకు బయల్దేరారు.

పట్నం పిల్లలకు అది ప్రచారయాత్ర అయ్యుండొచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి తాలూకాల పిల్లలకు అది సెలవులకు ఇంటికి పోవడమే. కాకపోతే ఈసారి చేతిలో ప్రశ్నలున్నాయి. పాలేరు జీతమెంత? శిఖం భూమి ఎవరి కింద ఉంది? బంజరు ఎవరు దున్నుతున్నారు? గడీకి వెట్టి ఎవరెవరు చేస్తున్నారు? పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్నే మొదటిసారి నోట్‌బుక్‌లో రాసుకున్నారు. తండ్రి దొర ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన దారిలో కొడుకు చెప్పులేసుకుని నడిచాడు. ఆ నడకకు ఊళ్లో ఎంత చప్పుడు పుట్టిందో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాది మంది రైతు కూలీలు ఊరేగింపు తీశారు. జగిత్యాల జైత్రయాత్ర అన్నది దాన్నే. నెల రోజులు దాటాక, అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' నవల ఈ పల్లెల కథే.

పెద్దపల్లిలో కాంగ్రెస్ స్వాతంత్ర్య సమరయోధుడి ఇంట్లో పుట్టి, ఎస్సారార్‌లో డిగ్రీ చేసి, లా చదవడానికి హైదరాబాద్ పోయిన మల్లోజుల కోటేశ్వరరావు ఆ తరం మనిషే. 2011 నవంబర్ 24న పశ్చిమ బెంగాల్ బురిశోల్ అడవిలో కాల్పుల్లో చనిపోయేనాటికి దేశానికి ఆయన మావోయిస్టు నేత కిషన్‌జీ. తమ్ముడు వేణుగోపాల్ దశాబ్దాల అజ్ఞాతం తర్వాత 2025 అక్టోబర్‌లో గడ్చిరోలిలో ఆయుధం అప్పగించాడు. 1999 డిసెంబర్ 2న కొయ్యూరు అడవిలో చనిపోయిన ముగ్గురు పీపుల్స్‌వార్ కేంద్ర కమిటీ సభ్యుల్లో నల్లా ఆదిరెడ్డి, శీలం నరేష్ ఈ జిల్లా వాళ్లు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు. బెంగళూరులో పట్టుకొచ్చి చంపారని పార్టీ, హక్కుల సంఘాలు అన్నాయి. రాడికల్ విద్యార్థి సంఘం మీద ప్రభుత్వం నిషేధం పెట్టింది 1992లో.

ఇక్కడ ఒక మాట కటువుగానే చెప్పాలి. కరపత్రం రాయడం నేర్పిన చెయ్యే తుపాకీ కూడా అందించిన కాలమది. పద్దెనిమిదేళ్లవాడు తీసుకున్న నిర్ణయానికి గడువు లేదు, వెనక్కి దారి లేదు. జెండాల మధ్య పగలకూ క్యాంపస్‌లలో ప్రాణాలు పోయాయి, ఎరుపులోనూ కాషాయంలోనూ. ఉత్తర తెలంగాణ ఊళ్లలో బస్టాండు దగ్గర కనబడే ఎర్ర స్తూపాల మీది పుట్టిన తేదీలు ఒకసారి చదవండి. చాలావరకు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే వయసు కూడా రానివాళ్లవే. ఆ తల్లుల ముందు నిలబడి విద్యార్థి సంఘాలు చైతన్యం తెచ్చాయని ఉపన్యాసం ఇవ్వడం నాకు చేతకాదు.

మూడు జెండాలు, పార్లమెంటు మెట్లు

రెండో దారి ఢిల్లీది. ఎన్‌ఎస్‌యూఐలో ఎదిగిన పొన్నం ప్రభాకర్ 2009లో కరీంనగర్ ఎంపీ. మెట్‌పల్లి ప్రాంతం నుంచి ఉస్మానియాకు పోయి టీఆర్‌ఎస్ విద్యార్థి విభాగం నడిపిన బాల్క సుమన్ 2014లో పెద్దపల్లి ఎంపీ. ఏబీవీపీ నుంచి వచ్చిన బండి సంజయ్ 2019లో కరీంనగర్ ఎంపీ. వామపక్ష విద్యార్థి రాజకీయాల్లో మొదలైన కమలాపూర్ వాసి ఈటల రాజేందర్ టీఆర్‌ఎస్‌లో మంత్రి పదవి చేసి, బీజేపీ తరఫున 2024లో మల్కాజిగిరి ఎంపీ అయ్యారు. జెండాలు మారినా టీవీ చర్చలో వీళ్లందరి చెయ్యి పైకి లేచే తీరు ఒకటే. గేటు ముందు నిలబడి గొంతు చించుకున్నవాళ్ల చెయ్యది.

2009 నవంబర్ 29న అలుగునూరు దగ్గర కేసీఆర్‌ను అరెస్టు చేశాక మంట విద్యార్థుల చేతుల్లోకి వెళ్లింది. డిసెంబర్ 9 తెలంగాణ ప్రకటన దాకా ఆ పది పదకొండు రోజులు రాష్ట్రాన్ని క్యాంపస్‌లే నడిపాయంటే అతిశయోక్తి కాదు. ఆ రోజుల్లో ప్రాణాలు తీసుకున్న పిల్లల్ని తలచుకోకుండా ఆ తేదీని తలచుకోలేం.

మరి క్యాంపస్ ఎన్నికల సంగతి? 1980ల చివర్లోనే ఉమ్మడి రాష్ట్రంలో కాలేజీ ఎన్నికలు ఆగిపోయాయి. దాదాపు అదే సమయంలో, 1989లో, రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. అంటే ముఖ్యమంత్రిని ఎన్నుకునే హక్కు చేతికిచ్చి, క్లాస్ రిప్రజెంటేటివ్‌ని ఎన్నుకునే హక్కు లాక్కున్నారు. 2006లో విద్యార్థి సంఘాల ఎన్నికలపై లింగ్డో కమిటీ సిఫార్సులను సుప్రీంకోర్టు ఆమోదించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటొద్దు, 75 శాతం హాజరు ఉండాలి, అచ్చు పోస్టర్లు వాడొద్దు, చేత్తో రాసినవే పెట్టాలి. చదివినప్పుడు నాకు మా లయి బకెట్ గుర్తొచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతాయి. మన రాష్ట్ర కాలేజీల్లో మాత్రం తెలంగాణ వచ్చాక కూడా ఆ బ్యాలెట్ పెట్టె తెరుచుకోలేదు. విద్యార్థి నాయకుల్లోంచి వచ్చినవాళ్లే మంత్రులైనా తెరవలేదు. ఎక్కి వచ్చిన నిచ్చెనను పైకి లాగేసుకోవడమంటే ఇదే కదా అని ఒక పాత మిత్రుణ్ని అడిగితే, "నువ్వు కూడ తెరువకపోదువు" అన్నాడు. జవాబివ్వలేకపోయాను.

మార్లవాయి, ఇంద్రవెల్లి

గోదావరి దాటితే కథ మారుతుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, ఆదివాసుల గోడు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త సాయం తీసుకుంది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో మకాం పెట్టి, 1943లో అక్కడే గోండు టీచర్ల శిక్షణ కేంద్రం తెరిపించారు. గోండీలో వాచకాలు తయారయ్యాయి. అక్కడ చదివిన కుర్రాళ్లు తమ గూడేల్లో పంతుళ్లయ్యారు. జెండా లేదు, సంఘం పేరు లేదు. కానీ పట్టా కాగితం చదివి ఇందులో ఏం రాసి ఉందో తనవాళ్లకు చెప్పగల మొదటి తరం అదే. అడవిలో నాయకుడంటే ముందు కాగితం చదవగలిగినవాడు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘం సభకు వస్తున్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది. ఆ లెక్కను ఇంద్రవెల్లిలో ఎవరూ ఒప్పుకోరు. కట్టిన స్తూపం కూలింది, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ప్రతి ఏప్రిల్ 20న ఆంక్షల మధ్యే నివాళి. ఇప్పుడు ఆ రోజున అక్కడికి వచ్చేవాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో చదివిన పిల్లలూ ఉంటారు. కరీంనగర్ రచయిత అల్లం రాజయ్య, సాహు కలిసి 'కొమురం భీం' నవల రాయడంతో భీం కథ మైదానం పిల్లలకూ చేరింది. గోండు పిల్లలకు మాత్రం ఆయన ఎప్పుడూ పాఠం కాలేదు, తాతే.

బాసర గేటు దగ్గర

2022 జూన్ 14. బాసర ట్రిపుల్ ఐటీ. పదో తరగతి అవగానే చేరే పిల్లలు. ఆరేళ్ల కోర్సు. క్యాంపస్‌లో ఎనిమిది వేల మంది. చాలామంది పల్లెల నుంచి, సర్కారు బడుల నుంచి వచ్చినవాళ్లే. ఆ రోజు వాళ్లు క్లాసులు వదిలి మెయిన్ గేటు వైపు నడిచి, నేల మీద వరుసలు కట్టి కూర్చున్నారు. డిమాండ్లు 12. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలి, అధ్యాపకులు కావాలి, లాప్‌టాప్‌లు కావాలి, మెస్ బాగుపడాలి... అలా. నడిపించింది ఏ పార్టీ అనుబంధ సంఘమూ కాదు, వాళ్లు తమలో తాము ఏర్పరచుకున్న స్టూడెంట్ గవర్నింగ్ కౌన్సిల్.

ఆ ఫొటోలు మీకు గుర్తుండే ఉంటాయి. వానలో గొడుగుల కింద వేలాది తలలు. మా తరం సంఘం మనిషిగా ఆ దృశ్యాన్ని నేను అసూయతో చూశాను. మేం వంద మందిని గేటు దగ్గర గంటసేపు నిలబెట్టడానికి పది నినాదాలు, రెండు మైకులు, ఒక తోపులాట కావాల్సొచ్చేది. వీళ్లు ఎండకూ వానకూ వారం కూర్చున్నారు. రాయి పడలేదు, అద్దం పగల్లేదు. రాజకీయ నాయకులు లోపలికి రాకుండా పోలీసులు కాపలా కాశారు. అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్‌రెడ్డి గోడ దూకి లోపలికి వెళ్లి అరెస్టయ్యారు. ఏడాదిన్నరకు ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. పిల్లలు మాత్రం ఏ జెండాకూ జాగా ఇవ్వలేదు. జూన్ 20 రాత్రి విద్యా మంత్రి సబితా ఇంద్రారెడ్డి స్వయంగా వచ్చి మాట్లాడి హామీలిచ్చాక లేచారు.

నెల తిరిగేసరికి జూలైలో అదే క్యాంపస్‌లో భోజనం వికటించి వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. గెలిచామనుకున్న పిల్లలకు అది రెండో పాఠం. హామీ కాగితం మీద తేదీ వేయించుకోకపోతే ఏమవుతుందో మాకూ అలాగే తెలిసింది.

బాసరలో అమ్మాయిలు రాత్రుళ్లు కూడా బయట కూర్చున్నారు. దీన్ని దాటేసి ముందుకు పోకూడదు. మా రోజుల్లో సంఘం సమావేశాలు రాత్రి తొమ్మిదికి మొదలయ్యేవి. అమ్మాయిల హాస్టల్ గేటు ఆరింటికి పడేది. మహిళా విభాగం కన్వీనర్ పేరు కరపత్రంలో ఉండేది, మనిషి మీటింగ్‌లో ఉండేది కాదు. సమానత్వం మీద గంటలు గంటలు మాట్లాడిన మాలో ఒక్కడికీ మీటింగ్‌ను సాయంత్రం నాలుగింటికి పెడదామని తట్టలేదు. తట్టినా, లయి వండటానికి చీకటి పడాలి కదా అని కొట్టేసేవాళ్లమేమో.

నలుగురిలో ఒకడు

ఆ రాత్రి సైకిళ్ల మీద పోయిన నలుగురిలో ఒకడు సర్కారు బడిలో టీచర్. ఒకడు ఇప్పుడు లేడు. ఒకణ్ని నేను. నాలుగోవాడు డిగ్రీ తప్పి, అప్పు చేసి దుబాయ్ పోయాడు. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటికొకరు అటే. మొన్న ఒక ఆదివారం, అక్కడ సెలవు రోజు, ఫోన్ చేశాడు. క్యాంపులో అందరికీ మూడు నెలల జీతం ఆగిందట. కంపెనీవాళ్లకు, మన కాన్సులేట్‌కు కాగితం రాస్తున్నాడు. బీహారువాళ్లూ నేపాలువాళ్లూ కూడా ఉన్నారు కాబట్టి హిందీలో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి.

"అన్నా, ఒక్క డౌటు. విజ్ఞప్తి అన్న రాయాల్నా, డిమాండ్ అన్న రాయాల్నా?"

అక్కడ సమ్మె చేస్తే జైలు. ఆలోచించకుండానే చెప్పాను. "విజ్ఞప్తి అనే రాయి తమ్మీ."

"అట్లనే రాసిన," అన్నాడు. కాసేపు ఆగి నవ్వాడు. "కానీ అడుగున తొంబై మందితోని సంతకాలు పెట్టిచ్చిన."